హోమ్ దాటాక మొదటి నలభై రోజులు: నెల్లూరు జిల్లాలో ఒక ఆఫ్టర్‌కేర్ కేసు

ఇది ఒక్క అబ్బాయి ఫైలు కాదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో 18 ఏళ్ళు నిండి బాలల సంరక్షణ హోమ్‌ల నుంచి బయటికొచ్చే పిల్లల ఆఫ్టర్‌కేర్ (హోమ్ వదిలాక ఇచ్చే అండ) కేసుల్లో పదేపదే ఎదురయ్యే చిక్కులన్నిటినీ ఒకే మనిషి చుట్టూ చేర్చి రాసింది. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాం. ఖర్చుల అంకెలు నెల్లూరు టౌన్‌లో ముగ్గురు కలిసి ఉండే గదికి వేసుకున్న అంచనాలు. ఊరు మారితే అవీ మారతాయి.

కేసు

అబ్బాయి తొమ్మిదేళ్ళప్పుడు హోమ్‌కి వచ్చాడు. తల్లిదండ్రులు లేరు. మేనమామ ఉన్నాడు గానీ రాకపోకలు లేవు. పదహారో ఏట పదో తరగతి పాసై, ప్రభుత్వ ఐటీఐలో రిఫ్రిజిరేషన్ అండ్ ఏసీ మెకానిక్ ట్రేడ్‌లో చేరాడు. రెండేళ్ళ కోర్సు. సంక్రాంతి దాటగానే 18 నిండుతాయి, ఫైనల్ ట్రేడ్ పరీక్ష మాత్రం ఆ వేసవి తర్వాతే. అంటే కోర్సు చివరి ఆరేడు నెలలు హోమ్‌లో ఉండే హక్కు లేకుండా చదవాలి. పదో తరగతి తర్వాత ఐటీఐలో చేరే హోమ్ పిల్లల్లో చాలామందికి ఈ ఇబ్బంది తప్పదు. అడ్మిషన్ వేయించేటప్పుడే క్యాలెండర్ ముందు పెట్టుకుని పుట్టిన తేదీ, పరీక్ష నెల పక్కపక్కన రాసుకుంటే ఆ రోజే కనిపించే సంగతి ఇది. చాలా ఫైళ్ళలో డిశ్చార్జి వారం దాకా ఎవరి కంటా పడదు.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్ ప్రకారం 18 నిండి సంస్థ నుంచి వెళ్ళేవారికి ఆర్థిక సాయం ఇవ్వవచ్చు. ‘ఇవ్వవచ్చు’ అనే ఉంది, ‘ఇవ్వాలి’ అని లేదు. అందుకే అడగకపోతే రాదు. 2016 నమూనా నియమాల్లో 25వది ఆఫ్టర్‌కేర్‌ది: సాధారణంగా 21 ఏళ్ళ దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా. పిల్లవాడు వెళ్ళడానికి రెండు నెలల ముందే విడుదల తర్వాతి ప్రణాళిక సిద్ధం చేసి సమర్పించాలి. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద సాయం నెలకు 4,000 రూపాయలు, నేరుగా బ్యాంకు ఖాతాలో పడాలి. 46వ సెక్షన్ మాట్లాడేది సంస్థల నుంచి వెళ్ళేవాళ్ళ గురించే. ఫోస్టర్ (తాత్కాలికంగా పెంచే) కుటుంబంలో పెరిగి 18 దాటినవాళ్ళ ఫైలు కదలాలంటే, గతంలో వాళ్ళు హోమ్‌లో ఉన్న కాలం రికార్డులు వెతికి జతచేయడం మంచిది.

రెండు నెలలంటే రూల్ పెట్టిన కనీస గడువు. పని జరగాలంటే పదహారో ఏటే మొదలుపెట్టాలి. ఫారం 7లో రాసే వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో ‘ఉపాధి శిక్షణ ఇప్పించవలెను’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే అది ప్రణాళిక అనిపించుకోదు. ఏ ట్రేడ్, ఏ నెలలో మొదలు, ఏ నెలలో పూర్తి, అప్పటికి పిల్లవాడి వయసెంత, ఆ రాత్రి పడుకునేది ఎక్కడ: ఈ ఐదూ ఉండాలి.

కాగితాలు

ఈ కేసులో మొదటి అడ్డంకి ఆధార్. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే. పుట్టిన తేదీ కూడా వేరు. హోమ్‌లో చేర్చినప్పుడు అంచనాగా వేసిన తేదీ ఆధార్‌కి ఎక్కింది, బడిలో ఇంకోటి రాశారు. పుట్టిన తేదీని ఆధార్‌లో మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు, పేరు రెండుసార్లు. అందుకని ఏది మార్చాలో ముందు తేల్చుకోవాలి. మా సలహా ఎప్పుడూ ఒకటే: పదో తరగతి మెమోని ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపెట్టండి. వయసు తేల్చాల్సి వస్తే చట్టం 94వ సెక్షన్ కూడా ముందు చూసేది బడి సర్టిఫికెట్టు, మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్టే.

పదిహేనేళ్ళకు తప్పనిసరిగా చేయించాల్సిన వేలిముద్రల అప్‌డేట్ హోమ్‌ల్లో తరచూ మరిచిపోతారు. మరిచిపోయిన సంగతి బయటపడేది బ్యాంకులోనో సిమ్ షాపులోనో, మెషిన్ మీద వేలు పెట్టి ‘సరిపోలలేదు’ అన్నప్పుడు. ఆధార్‌లో హోమ్ చిరునామా ఉన్నంతకాలం సూపరింటెండెంట్ ఇచ్చే సర్టిఫికెట్‌తో పని జరుగుతుంది. డిశ్చార్జి అయ్యాక ఆ సంతకం కోసం తిరగడం వేరే కథ. కాబట్టి మార్పులన్నీ 17 దాటకముందే అయిపోవాలి.

రెండోది కులం సర్టిఫికెట్. పదేళ్ళ లోపు తల్లిదండ్రులను పోగొట్టుకుని, చూసుకునేవాళ్ళెవరూ లేక, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న అనాథాశ్రమంలోనో బడిలోనో చేరిన పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. ఈ సంగతి తెలియక చాలామంది పిల్లల్ని ఓసీగా రాసేసి, సీట్లూ ఫీజు రాయితీలూ పోగొడుతున్నారు. కావలసినవి తల్లిదండ్రుల మరణ ధ్రువీకరణలు, లేదా వాళ్ళు లేరని చెప్పే రికార్డు, హోమ్‌లో చేరిన తేదీతో సీడబ్ల్యూసీ (బాలల సంక్షేమ సమితి) ఉత్తర్వు, హోమ్ గుర్తింపు కాపీ. దరఖాస్తు గ్రామ లేదా వార్డు సచివాలయంలో పెట్టి తహసీల్దార్ ఆఫీసు దాకా వెంటపడాలి. మరణ ధ్రువీకరణ లేనిచోట పని నెలల తరబడి నానుతుంది. అందుకే పదో తరగతి పరీక్షలకు ముందే మొదలుపెట్టాలి.

మూడోది బ్యాంకు ఖాతా. మైనర్ ఖాతా 18 నిండగానే కొత్త సంతకం, కొత్త కేవైసీ అడుగుతుంది. ఇవ్వకపోతే లావాదేవీలు ఆగిపోతాయి. సరిగ్గా ఆఫ్టర్‌కేర్ మొదటి కిస్తీ రావలసిన నెలలోనే ఇది జరుగుతుంది. పుట్టినరోజు వారంలోనే పిల్లవాణ్ణి బ్రాంచికి తీసుకెళ్ళి ఆ పని ముగించాలి. ఇంకో ఖాతా ఎక్కడైనా తెరిచి ఉంటే ఆధార్ దేనికి సీడ్ (లింకు) అయిందో కనుక్కోవాలి. ఆధార్ ఆధారంగా వచ్చే డబ్బు చివరగా సీడ్ అయిన ఖాతాలోనే పడుతుంది. స్కాలర్‌షిప్ కోసం ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో కిస్తీలు పడి కూర్చోవడం మామూలే.

ఏ పని?

ఆడపిల్లలకు టైలరింగు, మగపిల్లలకు డ్రైవింగు లేదా ఎలక్ట్రీషియన్ అన్నది హోమ్‌ల్లో పాతుకుపోయిన అలవాటు. కుట్టుమిషన్ ఇచ్చి ఫొటో దిగితే లక్ష్యం పూర్తయినట్టే రాసుకుంటారు. ఇంట్లో మిషన్ పెట్టుకుని కుట్టాలంటే ముందు ఇల్లు ఉండాలి, ఆపైన జాకెట్లు తెచ్చిచ్చే చుట్టాలూ ఇరుగుపొరుగూ ఉండాలి. హోమ్ నుంచి వచ్చిన అమ్మాయికి ఆ రెండూ ఉండవు. మొదటి రోజు నుంచి నెల జీతమొచ్చే పనే వీళ్ళకు కావాలి. సొంత షాపు సంగతి మూడునాలుగేళ్ళ తర్వాత.

ఈ అబ్బాయి ట్రేడ్ మంచిదే. నెల్లూరు ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. మార్చి నుంచి జూన్ దాకా ఏసీ మెకానిక్‌కు తినడానికి కూడా తీరిక ఉండదు. చిక్కంతా సెప్టెంబరు తర్వాత. ఏసీ షాపుల్లో కుర్రాళ్ళకు రోజుకూలీ. పని తగ్గితే మొదట ఆగిపోయేది వాళ్ళకే. కుటుంబం ఉన్న కుర్రాడు ఆ నాలుగు నెలలు ఇంటి తిండి తిని నెట్టుకొస్తాడు. మనవాడికి ఆ వెసులుబాటు లేదు. అందుకే ఏసీ షాపు వదిలి ముత్తుకూరు వైపున్న రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీలు, ఐసు ఫ్యాక్టరీల వైపు చూశాం. గడ్డకట్టించిన రొయ్యను మైనస్ 18 డిగ్రీలకు పైకి రానివ్వకూడదు, కనుక ప్లాంట్‌లో కంప్రెసర్ ఏడాదంతా తిరగాల్సిందే.

ఐటీఐలో నేర్చిందానికీ అక్కడి పనికీ తేడా ఉంది. క్లాసులో చేతికొచ్చేవి ఆర్-22, ఆర్-32 గ్యాసుల చిన్న యూనిట్లు. ప్లాంటుల్లోనూ ఐసు ఫ్యాక్టరీల్లోనూ ఎక్కువగా ఉండేది అమ్మోనియా. అక్కడ హెల్పర్ మొదటి పని గంటగంటకీ కంప్రెసర్ సక్షన్ (పీల్చే వైపు), డిశ్చార్జి (తోసే వైపు) ప్రెషర్లు, ఆయిల్ లెవెల్, గది ఉష్ణోగ్రత లాగ్‌బుక్‌లో రాయడం. చదవకుండా పై గంట అంకెనే దింపేసేవాళ్ళను సూపర్‌వైజర్లు ఇట్టే పట్టేస్తారు. వాళ్ళ నమ్మకం పోయేది కూడా అక్కడే. లీకైతే గాలి ఎటు వీస్తోందో చూసుకుని దానికి అడ్డంగానో ఎదురుగానో బయటపడాలి, గాలి వాలున పరిగెత్తకూడదు. కంట్లో పడితే కనీసం పావుగంట నీళ్ళతో కడుగుతూనే ఉండాలి.

ఏసీ పనికి సంబంధించి ఒక్క హెచ్చరిక మాత్రం ప్రతి కుర్రాడికీ చెప్పి పంపాలి. లీక్ టెస్టుకు పైపులో నైట్రోజన్ మాత్రమే ఎక్కించాలి. నైట్రోజన్ అయిపోయిందని, చేతికందింది కదా అని వెల్డింగ్ ఆక్సిజన్ ఎక్కిస్తే కంప్రెసర్ నూనెతో కలిసి పేలిపోతుంది. ‘మా షాపులో ఎప్పుడూ ఇదే చేస్తాం, ఏం కాదు’ అనే సీనియర్ ప్రతిచోటా ఒకడుంటాడు. ‘అన్నా, నేను చేయను’ అనడం కూడా శిక్షణలో భాగమే.

చిన్న కోర్సుల మాట. డీడీయూ-జీకేవై అనే కేంద్ర ఉపాధి శిక్షణ పథకం రెసిడెన్షియల్‌గా దొరుకుతుంది, మన రాష్ట్రంలో సీడాప్ అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. బసా భోజనం ఉంటాయి కాబట్టి 18 నిండిన నెలలో ఇది వరంలా కనిపిస్తుంది. కానీ అది గ్రామీణ పేద కుటుంబాల యువత కోసం. ఆధార్‌లో నెల్లూరు కార్పొరేషన్ చిరునామా, రేషన్ కార్డు లేదు, పొదుపు సంఘంలో తల్లి లేదు: ఇలాంటి పిల్లవాణ్ణి అర్హత దగ్గరే ఆపేస్తారు. అక్కడికి పంపేముందు డీసీపీవో (జిల్లా బాలల సంరక్షణ అధికారి) లేఖ, సీడబ్ల్యూసీ ఉత్తర్వు చేతిలో పెట్టి పంపాలి, సెంటర్ వాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి. పైగా కోర్సు ముగిసిన మర్నాడు మళ్ళీ బసే సమస్య. శిక్షణ కాలానికి మాత్రమే తలదాచుకునే చోటు చూపిస్తే సమస్యను మూడునెలలు వెనక్కి నెట్టినట్టే.

బస

నమూనా నియమాల్లో ఆరుగురు నుంచి ఎనిమిదిమంది కలిసి తాత్కాలికంగా ఉండే గ్రూప్ హౌసింగ్ మాట ఉంది. అది దొరికినచోట దాన్నే పట్టుకోవాలి. ఈ కేసులో దొరకలేదు. అంతకుముందు అదే హోమ్ నుంచి వెళ్ళి ఆటోనగర్‌లో పనిచేస్తున్న ఇద్దరితో కలిపి గది చూశాం.

గది దొరకడం ఒక పట్టాన తెమిలే పని కాదు. ఇంటివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ‘మీ నాన్నగారేం చేస్తారు?’ ‘లేరండీ, హోమ్‌లో పెరిగాను’ అనగానే గొంతు మారిపోతుంది. ‘మా వాళ్ళు వచ్చాక చెప్తాం బాబూ’ అంటారు. అబద్ధం చెప్పమని మేం ఎవరికీ చెప్పం, ఎలాగూ రెండు నెలల్లో బయటపడుతుంది. దానికి బదులు రెండు పనులు చేస్తాం: పని ఇచ్చిన ప్లాంట్ జాయినింగ్ లెటర్ ముందు చూపించడం, ‘ఏదైనా ఉంటే ఈ నంబరుకు చెయ్యండి’ అని కేస్ వర్కర్ నంబరు ఇంటివాళ్ళకు రాసివ్వడం. రెండోదే ఎక్కువ పనిచేస్తుంది. ఇంటివాళ్ళకు కావలసింది తండ్రి కాదు, ఫోన్ చేస్తే పలికే పెద్దమనిషి.

ఇక డబ్బు. గది అద్దె 6,000, మనవాడి వాటా 2,000. రెండు నెలల అడ్వాన్సులో వాటా 4,000. మొదటి నెల అద్దె 2,000. గిన్నెలు, బకెట్టు, చాప, దుప్పటి, ఫ్యాన్‌లో వాటా కలిపి 3,500. ఇండక్షన్ స్టవ్ 1,800. సేఫ్టీ షూ, రెండు జతల బట్టలు 2,200. తిండికీ బస్సుకీ బొటాబొటిగా రోజుకు 130 చొప్పున 45 రోజులకు 5,850. మొత్తం 19,350 రూపాయలు.

45 రోజులెందుకంటే, అప్రెంటిస్ స్టైపెండ్ (శిక్షణ కాలపు భత్యం) ఒక నెలది మరుసటి నెల 10వ తేదీ లోపు ఇస్తారు. మూడో తారీఖున చేరినా చేతికొచ్చేసరికి దగ్గర దగ్గర నలభై రోజులు. నెల మధ్యలో చేరితే మొదటిసారి వచ్చేది సగమే. పని మానేసిన పిల్లల్లో ఎక్కువమంది మానేసింది ఈ వ్యవధిలోనే. బద్ధకమనో క్రమశిక్షణ లేదనో రాస్తారు. దగ్గరికెళ్ళి అడిగితే బస్సు చార్జీలుండవు. నెల్లూరు నుంచి ముత్తుకూరు సుమారు 20 కిలోమీటర్లు, నడిచెళ్ళేది కాదు. పక్కనే హోటల్లో సప్లయర్ పని దొరుకుతుంది. రెండు పూటలా భోజనం, సాయంత్రానికి చేతిలో నగదు. రెండేళ్ళ ఐటీఐ అక్కడితో సరి.

అందువల్ల ఆ 19,350లో కనీసం తిండి, బస్సు డబ్బు చేరే రోజుకు ఎవరో ఒకరి దగ్గర సిద్ధంగా ఉండాలి. ఆఫ్టర్‌కేర్ కిస్తీ మీద ఆధారపడకూడదు. ఉత్తర్వు వచ్చాక కూడా మొదటి విడత పడటానికి ఎంత కాలం పడుతుందో చెప్పలేం. దాతల నుంచి తీసుకుంటే మొత్తం ఒకేసారి పిల్లవాడి చేతికివ్వకండి. వారానికి 900 చొప్పున ఖాతాలో వేయండి. హోమ్‌లో పెరిగిన పిల్లల చేతిలో డబ్బు ఆడటం ఇదే మొదటిసారి. అడిగిన ప్రతి స్నేహితుడికీ ఇచ్చేస్తారు. తోటివాళ్ళే వీళ్ళకు అన్నదమ్ములు కనుక కాదనడం కష్టం.

అప్రెంటిస్ ఏడాది

ట్రేడ్ పరీక్ష పాసయ్యాక ఏడాది అప్రెంటిస్‌షిప్. 2019 సవరణ ఐటీఐ పాసైనవారికి కనీస స్టైపెండ్‌ను నెలకు 7,000 చేసింది, ఇక్కడి లెక్క దాని మీదే. దానికి ఆఫ్టర్‌కేర్ 4,000 కలిపితే 11,000. అద్దె 2,000, కరెంటు 300, తిండి 3,900, బస్సు 1,200, రీచార్జి 300, మందులూ బట్టలూ 700. ఖర్చు 8,400. ఇంకో వెయ్యి రికరింగ్ డిపాజిట్‌కు పోయినా కాస్త మిగులుతుంది. అదే ఆ 4,000 ఆగిపోతే నెలనెలా 1,400 అప్పు.

ఆ డబ్బు ఆగిపోయే ప్రమాదం నిజంగానే ఉంది. పిల్లవాడు ప్లాంటుకు వెళ్తున్నాడనగానే ‘ఉద్యోగం వచ్చింది కదా, కేసు మూసేయండి’ అంటారు. దీనికి జవాబు 1961 అప్రెంటిస్ చట్టంలోనే ఉంది. అప్రెంటిస్ శిక్షణ పొందేవాడే గానీ కార్మికుడు కాడని 18వ సెక్షన్ చెబుతుంది. 25వ నియమం శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇవ్వమంటోంది. ఈ రెండు ముక్కలూ అప్రెంటిస్ కాంట్రాక్టు కాపీతో కలిపి ఉత్తరం పెడితే మాటకు బలం వస్తుంది.

అదే సెక్షన్‌కు ఇంకో వైపు కూడా ఉంది. కార్మికుడు కాడు కాబట్టి ఈ ఏడాది పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం హక్కు 16వ సెక్షన్ కింద ఉంటుంది గానీ, మామూలు జ్వరానికి ఈఎస్ఐ ఆస్పత్రి పనికిరాదు. చేరిన వారంలోనే ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించాలి. ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా 2 లక్షలు. నామినీ గడిలో ఎవరి పేరు రాయాలన్నదే ఇక్కడ చిక్కు. పిల్లవాణ్ణే అడగండి. మేనమామ పేరు మనం ఊహించి రాయకూడదు.

చుట్టాల విషయం వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. పన్నెండేళ్ళు కనిపించనివాళ్ళు పిల్లవాడి పేరున డిపాజిట్ ఉందనో, జీతం వస్తోందనో తెలియగానే కనబడటం మొదలుపెడతారు. అందరూ డబ్బు కోసమే వస్తారని కాదు. ‘మా ఇంట్లో ఉండు’ అన్న మాటకు ఈ పిల్లలు ఎంత ఆశపడతారో తెలిసినవాళ్ళం కనుక వెళ్ళొద్దని అనం. పండక్కి వెళ్ళి రమ్మంటాం. ఏటీఎం కార్డు, పిన్ను మాత్రం ఎవరికీ ఇవ్వొద్దంటాం.

ఒక చిన్న అభ్యాసం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. హోమ్‌లో గంట కొడితే లేస్తారు, గంట కొడితే తింటారు. జ్వరమొస్తే వార్డెన్ తనే చూసుకుంటాడు. సెలవు అడగాల్సిన అవసరమే రాదు. ప్లాంట్‌లో ఒళ్ళు బాగోకపోతే గదిలో ముసుగుతన్ని పడుకుంటాడు, ఫోన్ ఎత్తడు. మూడోరోజుకు సూపర్‌వైజర్ మీద భయం పట్టుకుని నాలుగోరోజు వెళ్ళనే వెళ్ళడు. రిజిస్టర్‌లో ‘చెప్పకుండా మానేశాడు’ అని పడుతుంది. చేరకముందే కేస్ వర్కర్ సూపర్‌వైజర్‌గా నటిస్తూ ఫోన్‌లో ఈ మాట పదిసార్లు అనిపించాలి: ‘సార్, ఒంట్లో బాలేదు, ఇవాళ రాలేను. రేపు ఫస్ట్ షిఫ్ట్‌కి వస్తాను సార్.’ అవతలి నుంచి గట్టిగా అరవాలి కూడా. అరిచినా ఫోన్ పెట్టేయకుండా నిలబడటమే నేర్చుకోవాల్సింది.

సంక్రాంతికి మెస్ మూసేస్తారు, గదిలో మిగతా ఇద్దరూ ఎటో వెళ్తారు, ఇంటివాళ్ళు ‘నువ్వు ఊరెళ్ళవా?’ అంటారు. పండగ తర్వాత పనికి తిరిగి రానివాళ్ళు ఉంటారు. ఆ మూడు రోజులు ఎక్కడ భోజనం, ఎవరితో, అన్నది డిసెంబరులోనే ఫైల్లో రాసి ఉండాలి. హోమ్‌కి పెద్దపిల్లలుగా పిలిచి చిన్నవాళ్ళకు గాలిపటాలు కట్టే పని అప్పగించినా సరిపోతుంది.

ఆడపిల్లల కేసులో తేడా

ఒంగోలు వైపు నర్సింగ్ హోమ్‌ల్లో పేషెంట్ కేర్ అసిస్టెంట్లుగా చేరే అమ్మాయిల విషయంలో కాగితాలు, లెక్కలు దాదాపు ఇవే. బస, షిఫ్టు మాత్రం వేరు. గది అద్దెకన్నా లేడీస్ హాస్టల్ నయం. కేంద్ర పథకం మిషన్ శక్తి కింద నడిచే పనిచేసే మహిళల హాస్టల్ సఖి నివాస్‌లో సీటు ఉంటే మరీ మంచిది. నైట్ డ్యూటీ ముగిసే వేళకు హాస్టల్ గేటు తీస్తారో లేదో చేరకముందే కనుక్కోవాలి. ఎనిమిదింటికి గేటు వేసే హాస్టల్లో ఉంటూ రెండో షిఫ్టు చేయడం కుదరదు. ‘మా దగ్గరే ఉండి, ఇంట్లో పిల్లలాగా’ అని డాక్టర్ల ఇళ్ళలో బస ఇస్తామంటే ఒప్పుకోవద్దు. పగలు ఆస్పత్రి, రాత్రి ఇంటి చాకిరీ అయ్యే అవకాశం ఎక్కువ.

ఫాలో-అప్, మూసివేత

మొదటి రెండు నెలలు వారానికోసారి ఫోన్, పదిహేను రోజులకోసారి గదికి వెళ్ళడం. ఫోన్‌లో ‘బాగున్నాను సార్’ అనే అంటారు. గదికి వెళ్తే స్టవ్ మీద ఏముందో, మూలన ఏముందో కనిపిస్తాయి. మూడో నెల నుంచి నెలకోసారి చాలు. నంబరు మారితే చెప్పమని సూపర్‌వైజర్‌కూ, రూమ్మేట్లకూ మన నంబరు ఇచ్చి ఉంచాలి. పిల్లలు సిమ్ములు తరచూ మారుస్తారు.

అప్రెంటిస్‌షిప్ అయ్యాక అదే ప్లాంట్‌లో హెల్పర్ నుంచి ఆపరేటర్‌గా తీసుకుంటే పీఎఫ్, ఈఎస్ఐ మొదలవుతాయి. లెక్కకు 12,500 జీతం మొత్తం మీదా కోత పడుతుందనుకుంటే పీఎఫ్ 12 శాతం 1,500, ఈఎస్ఐ 0.75 శాతం 94 పోను చేతికి 10,906. ‘పన్నెండున్నర అన్నారు, పదకొండు కూడా రాలేదు, మోసం’ అని మానేసే ప్రమాదం ఉంది కాబట్టి పేస్లిప్ ముందేసుకుని ఒక్కో గడీ చదివించాలి. యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) రికార్డులో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలవకపోతే ఆ పీఎఫ్ తీసుకోవడం తర్వాత గగనమవుతుంది.

కేసు మూయడానికి మేం చూసేవి: వరుసగా మూడు నెలల పేస్లిప్పులు, అద్దె బాకీ లేకపోవడం, ఈఎస్ఐ కార్డు చేతిలో ఉండటం, నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్, అప్రెంటిస్ సర్టిఫికెట్ల కాపీలు డిజీలాకర్‌లో ఉండటం. ఇవన్నీ కుదరకముందే 21 నిండబోతుంటే, పుట్టినరోజుకు కనీసం మూడు నెలల ముందే పొడిగింపు కోరుతూ కారణాలతో దరఖాస్తు పెట్టాలి. 23 దాకా సాగేది దానంతటది సాగదు.